మాత్రకీ కాఫీకీ మధ్య

48వ ఏట నా ఒంట్లో అగ్గి రాజుకుంది. పుష్యమాసపు చలిలో మావారు దుప్పటి ముసుగెట్టుకుంటే, నేను విసనకర్ర పుచ్చుకుని కూచునేదాన్ని.

"ముట్లుడిగే వయసు, అంతేనే అమ్మాయ్" అన్నారు అత్తగారు.

తిండితోనే లొంగదీస్తానని పంతం పట్టాను. పొద్దున్నే రాగిజావ, సోయాపాలు, నువ్వులుండ, కాల్షియం బిళ్ళ! ఏళ్ళుగా వాడుతున్న థైరాయిడ్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే కాఫీతో గుటుక్కుమనిపించేదాన్ని.

మూడు నెలలకి ఒళ్ళు బరువెక్కింది. జుట్టంతా దువ్వెనకే వచ్చింది. రాస్తున్న నవలలో నాయిక పేరే మర్చిపోయాను! అన్నీ వయసు ఖాతాలోనే రాసుకున్నాను. నలభై దాటిన ఆడదాని బాధలన్నిటికీ అదొక్కటే ఖాతా కదండీ!

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ నవ్వింది. "తిండి మంచిదే, వేళే కుదర్లేదు. ఆ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ, టిఫిను 30 నుంచి 60 నిమిషాలాగి. కాల్షియం, ఐరన్ బిళ్ళలు 4 గంటల తర్వాతే. సోయా కూడా మాత్రని సరిగ్గా ఒంటబట్టనివ్వదు."

ఇప్పుడు రాగిజావ పదింటికి, కాల్షియం మధ్యాహ్న భోజనంతో. రాత్రిపూట కారం, సాయంత్రం కాఫీ మానేశాక ఆవిర్లు కాస్త తగ్గాయి. పూర్తిగా పోలేదు, పోయాయంటే అబద్ధమే.

కానీ మాత్రకీ కాఫీకీ మధ్య గంట మిగిలింది. పాతికేళ్ళుగా లేస్తూనే అందరికీ కాఫీ కలిపినదాన్ని. ఇప్పుడు డికాక్షన్ మావారే వేస్తున్నారు. ఆ గంట నాది, నా కాయితాలది.

నాయిక పేరు గుర్తొచ్చింది లెండి!