మంచు మీద నిలబడటం నేర్పే మనిషి

బూటు బకిల్ బిగిస్తూ ఆయన మా మేనల్లుడి ముఖంకేసి చూడలేదు, మోకాలికేసి చూశాడు. "వంగు" అన్నాడు. వాడు నడుం వంచాడు. "నడుం కాదు బాబూ, మోకాలు" అని, కాలి ముందెముక బూటు అంచుకి ఆనేదాకా పిక్కని వెనకనుంచి మెల్లగా నెట్టాడు. తర్వాత బకిల్స్ అన్నీ మళ్లీ విప్పి, పాదం మీదివి ఒక మెట్టు వదులు చేశాడు. అక్కడ రక్తం ఆడకపోతే గంట తిరిగేసరికి వేళ్లు మొద్దుబారతాయట. కుడిచేతి గ్లవ్ పళ్లతో లాగేసి, బూటు అడుగున గడ్డకట్టిన మంచుని గోటితో గీకటం మొదలుపెట్టాడు. అక్కడ కాస్త మిగిలినా, బూటుని స్కీకి బిగించే బైండింగ్ సరిగ్గా పట్టదు. పట్టినట్టే ఉంటుంది, వాలు మధ్యలోకొచ్చాక స్కీ ఊడిపోతుంది. ఆ వేళ్లు చూశాను. కణుపుల దగ్గర చర్మం పగిలింది, ఆ పగుళ్లలో స్కీలకి రాసే మైనం నల్లగా ఇరుక్కుపోయి ఉంది.

కాశ్మీరులోని గుల్మార్గ్‌లో ఎండాకాలం గోల్ఫ్ ఆడే మైదానం చలికాలంలో మంచు కింద పడుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆ మైదానపు అంచు వాలులే బడి. మావాడికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, స్కీయింగ్ నేర్చుకోవాలని ఏళ్ల నాటి కోరిక. ఇక్కడ కేంద్ర పర్యాటక శాఖ వారి స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ 1968 నుంచీ ఉంది. పధ్నాలుగు రోజుల కోర్సు నడుపుతుంది. ఆ బ్యాచ్ తేదీలు వాడి సెలవులతో కుదరలేదు. అందుకని విడిగా ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని మాట్లాడుకున్నాడు. "వాడొక్కణ్ణీ పంపలేను, నువ్వు తోడెళ్లక్కా" అని మా తమ్ముడు అడిగితే వచ్చాను.

వచ్చినవాళ్లంతా గండోలా, అంటే తీగమార్గం ఎక్కుతారు. మొదటి దశ కొంగ్‌డూరి దాకా 1998లో వచ్చింది, అఫర్వట్ పర్వతం భుజం మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లే రెండో దశ 2005లో. నేను ఎక్కలేదు. ఆ వేళ్లు చూశాక ఈ మనిషి పనేమిటో పూర్తిగా చూడాలనిపించింది.

ఆయన ఊరు టంగ్‌మార్గ్ కింద. చీకటితోనే లేచి, ఫెరన్ అనే పొడుగాటి అంగీ లోపల కాంగ్డి, అంటే చిన్న నిప్పుల కుంపటి పెట్టుకుని ఉప్పుటీ తాగి, రొట్టె తిని బయల్దేరతాడు. టంగ్‌మార్గ్ నుంచి పైకి పదమూడు కిలోమీటర్లు. రాత్రి మంచు పడితే టైర్లకి గొలుసులు కట్టిన సుమోలే ఆ మలుపులు ఎక్కుతాయి. అందులో పదిమంది ఇన్‌స్ట్రక్టర్లు ఒకరి మీద ఒకరు ఆనుకుని కూర్చుంటారు. తొమ్మిదింటికి క్లాసంటే ఆయన ఎనిమిదికే వాలు దగ్గర ఉంటాడు. ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు.

ముందురోజు సాయంత్రం టూరిస్టులు ఆ వాలు మీద నడుస్తారు, పరిగెత్తుతారు, ఫొటోలకి దొర్లుతారు. స్లెడ్జ్‌లు అడ్డంగా పోతాయి. మోకాలి లోతు అడుగుల గుంతలు పడతాయి. రాత్రి చలికి అవి అలాగే బిగుసుకుపోతాయి. కొత్తవాడి స్కీ కొస అలాంటి గుంతలో పడిందా, మోకాలు మెలిపడటమే. అందుకని పొద్దున్నే స్కీలు తొడుక్కుని, వాలుకి అడ్డంగా నిలబడి, ఒక్కొక్క అడుగే పక్కకి వేస్తూ కింద నుంచి పైదాకా తొక్కుతాడు. స్కీ అంచుతో గుంత గట్టు విరిచి లోపలికి తోసి, మీద నిలబడి అదుముతాడు. పైకి చేరాక రెండు గజాలు జరిగి మళ్లీ కిందకి. ఆ గంటకి ఎవరూ పైసా ఇవ్వరు. తొమ్మిదింటికి వచ్చినవాళ్లకి నున్నటి వాలు కనిపిస్తుంది, అది అలాగే ఉంటుందనుకుంటారు. నేనూ మర్నాడు పొద్దున్నే వెళ్లి చూడకపోతే అలాగే అనుకునేదాన్ని.

నేర్పే పద్ధతి చూస్తుంటే నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. మొదట చేతికర్రలు ఇవ్వడు. ఒకే స్కీ తొడిగి నడిపిస్తాడు. తర్వాత పడటం నేర్పుతాడు: వెనక్కి కాదు, పక్కకి, కొండవైపు తుంటి మీద. లేవాలంటే ముందు స్కీలు రెండూ నీకంటే కిందికి, వాలుకి అడ్డంగా తెచ్చుకో, ఆ తర్వాతే చెయ్యి ఆన్చు. అప్పుడు స్కీల కొసలు దగ్గరకి, మడమలు దూరంగా పెట్టి, బొటనవేళ్ల మీద బరువేసి వేగం తగ్గించటం. అన్నిటికంటే కష్టమైన పాఠం ముందుకి వాలటం. వాలు మీద ఎవరికైనా ఒళ్లు దానంతటదే వెనక్కి పోతుంది. లోయకి దూరంగా జరిగితే క్షేమమనిపిస్తుంది. కానీ వెనక్కి కూర్చున్న క్షణానే స్కీ ముందుభాగం బరువు కోల్పోతుంది, ఎటు తిప్పినా మాట వినదు. లోయవైపు ఛాతీ వంచినవాడికే స్కీ లొంగుతుంది. దీన్ని నోటితో చెప్పి లాభం లేదు. ఈత నేర్పేవాడు నీళ్లలో పసివాడి ముందు వెనక్కి నడిచినట్టు ఆయన వాలు మీద వెనక్కి జారుతూ, మావాడి స్కీల కొసల్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్లలోకి చూస్తూ దిగాడు. "కాళ్లకేసి చూడకు, నాకేసి చూడు. మెల్లిగా, మెల్లిగా." ఆ రెండో మాట తెలుగులోనే. మనవాళ్లు ఏటా వస్తారు కదా, వాళ్ల దగ్గర నేర్చుకున్నాడట. సగం వాలు దిగాక చేతులు వదిలేశాడు. ఆ సంగతి మావాడికి తెలియలేదు.

రోజుకి పదిసార్లు, ఇరవైసార్లు అలా వెనక్కి దిగితే మోకాళ్లు ఏమవుతాయి? ఎడమ మోకాలికి ఆపరేషన్ అయిందని మూడోరోజు టీ తాగుతూ చెప్పాడు. ఆ ఖర్చు ఆయనదే, ఆ సీజన్ నష్టమూ ఆయనదే.

ఒక మధ్యాహ్నం జరిగింది చూసి నా ఒళ్లు మండింది. ఒక కుటుంబం, మాట తీరునిబట్టి మన వైపువాళ్లే, అరగంటకి ఆయన్ని మాట్లాడుకున్నారు. అద్దెబూట్లు సైజు కుదరక అందులో పది నిమిషాలు పోయాయి. మిగతా టైములో భార్యాభర్తలు స్కీల మీద నిలబడి వీడియోలు తీసుకున్నారు. ఆయన వాలు చివర చేతులు చాచి, పడితే పట్టుకోవటానికి నిలబడ్డాడు. చివరికి సగం డబ్బే ఇచ్చారు. "నువ్వేం నేర్పావు, ఊరికే నిలబడ్డావు" అన్నాడా పెద్దమనిషి. ఆయన మారుమాట్లాడలేదు, నేను ఊరుకోలేకపోయాను. "చూడండి, మీ ఆవిడ కాలు విరక్కుండా ఇంటికి వస్తోందంటే ఆయన నిలబడబట్టే" అన్నాను. బైండింగ్ మీద చిన్న అంకె ఒకటుంటుంది. మనిషి బరువు, ఎత్తు, అనుభవం చూసి స్క్రూ తిప్పి దాన్ని అమరుస్తారు. ఎక్కువ బిగిస్తే పడ్డప్పుడు స్కీ ఊడదు, కాలు విరుగుతుంది. తక్కువైతే అనవసరంగా ఊడి పడేస్తుంది. అద్దెకొట్టువాడు చూడని ఆ అంకెని ఆయన ఆమె కోసం జేబులోని స్క్రూడ్రైవర్‌తో సరిచేయటం నేను కళ్లారా చూశాను.

టీ బడ్డీలో ఇన్‌స్ట్రక్టర్లంతా కలిస్తే మాటలు మంచు దగ్గరే తిరుగుతాయి. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, కాశ్మీరులో చలి బాగా ముదిరే కాలం. ఆ రోజుల్లో పడిన మంచే గట్టిపడి నిలుస్తుంది. 2024 జనవరిలో దాదాపు ఆ కాలమంతా గడ్డినేల బయటపడి ఉంది. మంచు నెలాఖరుకి గానీ రాలేదు. 2025లో ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక మార్చికి వాయిదాపడ్డాయి. ఆలస్యంగా పడే మంచు ఎండకి తొందరగా నీరవుతుంది. "పన్నెండు వారాల పని ఎనిమిదైంది దీదీ, ఒక్కో ఏడాది ఆరే" అన్నాడు ఒక కుర్రవాడు. మిగతా ఏడాది? గుర్రాలు, యాపిల్ తోటలు, ఎక్కడో కట్టడాల పని.

మంచుని చదవటం కూడా వాళ్ల చదువే. పాత మంచు మీద పెళుసు పొర కట్టి, దానిమీద గాలి కొత్త మంచుని పోగేస్తే ఆ వాలు ఎప్పుడైనా తెగి జారొచ్చు. 2010 ఫిబ్రవరి 8న గుల్మార్గ్ పైనున్న ఖిలన్‌మార్గ్ దగ్గర హిమపాతంలో సైన్యపు హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌వాళ్లు పదిహేడు మంది చనిపోయారు. మంచులో యుద్ధం నేర్పే బడిలోని సైనికులకే ఆ గతి పట్టిందంటే, సెలవులకి వచ్చినవాడి సంగతేమిటి? బాట వదిలి పొడిమంచులోకి తీసుకెళ్లమని డబ్బున్నవాళ్లు అడుగుతారు. గాలి తీరు నచ్చకపోతే ఈయన "ఈరోజు కుదరదు" అంటాడు, ఆ రోజు కూలి వదులుకుంటాడు. వద్దని చెప్పినందుకు ఇచ్చే జీతం ఎక్కడా లేదు.

ఇంత విద్యకి విలువ లేకపోవటమే నన్ను బాధపెట్టింది. గుల్మార్గ్‌కి స్కీయింగ్ కొత్త కాదు. 1927లోనే బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ స్కీ క్లబ్బు పెట్టారు. ఈ వాలుల మీద పెరిగిన గుల్ ముస్తఫా దేవ్ 1988 కాల్గరీ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. ఈ దగ్గరి పల్లె కుర్రవాడు ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. ఆయన తండ్రి గుల్మార్గ్‌లో స్కీ సామాన్ల కొట్టు నడిపినవాడు. పెద్ద పేర్లు ఆకాశంలోంచి ఊడిపడవు. చిన్నపిల్లల స్కీ కొసలు పట్టుకుని వెనక్కి దిగినవాళ్లు ఉంటేనే వస్తాయి. ఫ్రాన్సులో పట్టా లేనివాడు డబ్బు తీసుకుని స్కీయింగ్ నేర్పితే చట్టప్రకారం నేరం. అక్కడ అది చదువు, వృత్తి, హోదా. ఇక్కడ ఇంత తెలిసిన మనిషి టాక్సీ దిగినవాళ్ల వెంటపడి బేరం కోసం పోటీపడాలి. తీగమార్గాలకీ హోటళ్లకీ దొరికిన డబ్బులో, ఆయన మోకాలికి బీమా, మంచు పడని వారాల్లో చేతికి ఇంత భృతి, నేర్పే వాలు చుట్టూ ఒక కంచె, వీటికి కాస్త ఖర్చుపెట్టలేరా? మంచు తగ్గటాన్ని గుల్మార్గ్ ఒక్కటే ఆపలేదు. కంచె వెయ్యటానికి మాత్రం నాలుగు గుంజలూ ఒక తాడూ చాలు.

ఆయన పెద్దకొడుకు స్కీయింగ్ బాగా చేస్తాడట. శ్రీనగర్‌లో మొబైల్ కొట్లో పనికి కుదిరాడు. "రమ్మని అడగను" అన్నాడాయన. "ఎలా అడగను?" ఆ మాట ఏడుస్తున్నట్టు కాదు, లెక్క చెప్పినట్టే అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మన ఊళ్లనుంచి గుల్మార్గ్ వెళ్లేవాళ్లకి ఒక మాట మాత్రం చెప్పగలను: అరగంటకి మాట్లాడుకోకండి. కనీసం మూడురోజులు నేర్చుకోండి, అడిగిన డబ్బు ఇవ్వండి, నడవాలనుకుంటే వాలు పక్కనుంచి నడవండి.

మావాడు రెండోవారంలో నిలదొక్కుకున్నాడు. మలుపులు తిరుగుతున్నాడు, పడినా నవ్వుతూ లేస్తున్నాడు. ఆ సాయంత్రం బూట్లు విప్పుకుంటూ, "రేపు కూడా తొమ్మిదికేనా సార్?" అని అడిగాడు.

"ఎనిమిదికి రా" అన్నాడాయన. "గుంతలు పూడ్చాలి. వాలు తొక్కటం వస్తేనే స్కీయింగ్ వచ్చినట్టు."

"అత్తా, ఏడింటికే లేపు" అన్నాడు వాడు.