బిట్ వస్తదా అన్నా?

నారాయణగూడ మెట్రో స్టేషన్ మెట్లు దిగేసరికి సాయంత్రం నాలుగైంది. ఇక్కణ్నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ దాకా నడవాలని నా ప్లాన్. మెట్రోలోనే వెళ్తే తర్వాతి స్టేషనే చిక్కడపల్లి, సీటు దొరికి కూర్చునేలోపే దిగిపోవాలి. కానీ నాకు కావాల్సింది కబుర్లు. హైదరాబాద్ మొత్తంలో చేతిలో పుస్తకంతో ఎక్కువమంది కనిపించేది ఈ చుట్టుపక్కలే అని నా నమ్మకం. లెక్కేమీ తీయలేదు, నమ్మకమే. కనిపించిన వాళ్లను ఒకటే ప్రశ్న అడుగుదామనుకున్నా. "ఈ మధ్య ఏ పుస్తకం చదివారు? ఎలా ఉంది?"

మొదటి జవాబు మిర్చి బజ్జీల బండి దగ్గరే దొరికింది. భుజాన బ్యాగు, చంకలో స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ కట్ట ఉన్న కుర్రాడు నా ప్రశ్న విని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏ ఎగ్జామ్‌కన్నా?"

ఏ ఎగ్జామ్‌కీ కాదు, ఊరికే అన్నాను.

"ఊరికె చదివి చాన దినాలైందన్నా" అని నవ్వి, బజ్జీ సగం కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ కాగితం కూడా ఏదో మోడల్ పేపరే.

ఇక్కడ నారాయణగూడలోనే మాడపాటి హనుమంతరావు బాలికల ఉన్నత పాఠశాల ఉంది. 1928లో మొదలైంది. చదువంతా ఉర్దూలో నడిచే నిజాం కాలంలో ఆడపిల్లల కోసం తెలుగులో బడి పెట్టడమంటే మామూలు ధైర్యం కాదు. మాడపాటి 1951లో నగర మేయర్ అయ్యారు. తెలంగాణలో ఆంధ్రోద్యమం ఎలా నడిచిందో రెండు భాగాల పుస్తకం రాశారు. గ్రూప్స్‌కి చదివే వాళ్లను అర్ధరాత్రి లేపి అడిగినా ఈ వివరాలు చెప్తారు. ఆ పుస్తకం ఎలా ఉంటుంది అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. పరీక్షలో అడిగేది పుస్తకం పేరు, రాసినాయన పేరు. ఎలా ఉంది అనే ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు ఇవ్వడం కష్టం కదా.

ఎలా ఉంది అనే ప్రశ్నకు జవాబులు ఒకప్పుడు పుస్తకాల్లోనే దొరికేవి. నేను చెప్పేది అద్దె పుస్తకాల షాపుల సంగతి. మన అమ్మల కాలంలో గల్లీకొకటి ఉండేవట. డిపాజిట్ కట్టి, రోజుకింతని ఇచ్చి నవల తెచ్చుకోవడం, ఇంట్లో ముగ్గురు నలుగురు వంతులేసుకుని చదివి మర్నాటికి తిరిగిచ్చేయడం. అలాంటి షాపొకటి మూసేస్తున్నప్పుడు ఓ సంచీడు నవలలు కొన్నాను. అట్టలు ఊడిపోయి, కుట్లు వేసి, మళ్లీ ఊడిపోయినవి. కథల కంటే మార్జిన్లలో పెన్సిల్ రాతలే నాకు ఎక్కువ నచ్చాయి.

యద్దనపూడి 'సెక్రటరీ'లో ఒకావిడ (చేతిరాత చూసి ఆవిడే అనుకుంటున్నా) "రాజశేఖరం లాంటి మగాళ్లు ఉండరు" అని రాసింది. దాని కిందే ఇంకో చేతిరాత: "ఉంటారు. మనకి తెలిసేసరికి పెళ్లయిపోయుంటుంది." చలం 'మైదానం' మొదటి పేజీలో "ఇలాంటివి షాపులో ఎందుకు పెడతారు?" అని ఎవరో కోప్పడితే, చివరి పేజీలో మరొకరు "మరి నువ్వు ఇక్కడిదాకా ఎందుకొచ్చావు?" అని అడిగారు. యండమూరి 'తులసీదళం'లో సగం దగ్గర ఒకే మాట ఉంది: "రాత్రి చదవకండి." ఆ మాటను ఇంకెవరో కొట్టేసి "రాత్రే చదవండి" అని దిద్దారు. వీళ్లెవరికీ మార్కుల్లేవు, ఎవరూ అడగలేదు కూడా. చదివాక ఉండబట్టలేక రాశారు, అంతే.

చిక్కడపల్లి చేరేసరికి దీపాలు పెట్టేశారు. త్యాగరాయ గానసభలో ఏదో ఒక కార్యక్రమం లేని సాయంత్రం అరుదు. పాట, నాటకం, సన్మానం, లేదంటే పుస్తకావిష్కరణ. ఆవేళ కవితా సంపుటి. పేరు అనవసరం. ఆవిష్కరణ సభలో అభిప్రాయం అంటే పొగడ్తే అని మనకు తెలిసిందే. నలుగురు వక్తల్లో ఇద్దరు ముందుమాట బాగా చదివొచ్చారు, లోపలికి వెళ్లలేదని అర్థమవుతూనే ఉంది. నిజానికి చదివినాయన ఒక్కరే. మధ్యలో ఒక కవిత బలహీనంగా ఉందని మెల్లగా అన్నారాయన. వేదిక మీద అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. నాకు మాత్రం ఆ పుస్తకం కొనాలనిపించింది ఆ మాటతోనే.

తర్వాత మైకు అందుకున్నాయన, "ఈ తరం పిల్లలు పుస్తకం ముట్టుకోవడం మానేశారు" అన్నారు. చప్పట్లు కొట్టారు. హాల్లో ఓ నలభై మందిమి ఉంటాం. ముప్ఫై ఐదు దాటనివాళ్లం ఇద్దరమే. రెండోవాడు ఫొటోగ్రాఫర్.

శాలువాలు కప్పడం మొదలవగానే బయటపడి నగర కేంద్ర గ్రంథాలయం వైపు నడిచాను. దూరమేమీ కాదు. అక్కడ కుర్చీ ఖాళీ లేదు. రీడింగ్ హాల్లో మనిషి పక్కన మనిషి, ప్రతివాళ్ల ముందూ ఇంటినుంచి తెచ్చుకున్న సొంత పుస్తకం, వాటర్ బాటిల్, చెవుల్లో దూది. కొంతమంది అయితే ఆవరణలోనే, చెట్టు కింద, ఫోన్ లైటు వెలుగులో. నన్నడిగితే గానసభ వక్తను అలాగే చెయ్యిపట్టి ఇక్కడికి నడిపించుకు రావాలి. పుస్తకం ముట్టుకోని తరం రాత్రి ఎనిమిదింటికి ఇలా ఉంటుంది సార్ అని చూపించాలి.

కానీ ఆయన మాటలో ఒక్క పిసరు నిజం లేకపోలేదు. ఈ చదువు వేరే రకం. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. 2023 మార్చిలో పేపర్ లీకేజీ బయటపడి ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఆ మెయిన్స్ ముందు అశోక్‌నగర్ చౌరస్తాలో జరిగిన ఆందోళనలు, లాఠీలు మీరు వీడియోల్లో చూసే ఉంటారు. ఇరవై నెలల్లో ఒకే పరీక్షను మూడుసార్లు రాసిన వాళ్లకు ఒక పుస్తకం మీద అభిప్రాయం ఎలా ఉంటుంది?

"లక్ష్మీకాంత్ పాలిటీ నాకు పుస్తకం కాదన్నా, ఇంటి మనిషి" అన్నాడు గేటు దగ్గర టీ తాగుతున్న ఒకతను. "ఏ పేజీల ఏముందో కండ్లు మూసుకొని చెప్త. కొత్త ఎడిషన్ వచ్చిందంటే మాత్రం గుండె గుభేలుమంటది. ఇంటి మనిషి మొకం మారినట్టు." పక్కనున్న దోస్త్ తెలుగు అకాడమీ పుస్తకాల వైపు. హిమాయత్‌నగర్‌లో 1968 నుంచీ ఉన్న సంస్థ, ఇక్కడి చదువులన్నిటికీ పునాది దాని పుస్తకాలే. "భాష రాళ్ల మీద నడిచినట్టు ఉంటది. కానీ జారం" అన్నాడతను. నేను విన్న పుస్తక సమీక్షల్లో ఇంత పొట్టిది, ఇంత సూటైనది ఇంకోటి లేదు.

అక్కడే ఒకమ్మాయి మా మాటలు వింటూ నిలబడింది. నిజామాబాద్ జిల్లా, డిచ్‌పల్లి దగ్గర ఊరు. "నేను ఒకటి ఊరికె చదివిన అన్నా" అంది, తప్పు ఒప్పుకున్నట్టు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలో గడిపిన ఒక్క రాత్రి కథ. రూమ్మేట్ దిండు కింద కనిపిస్తే పది పేజీలు చూద్దామని తీసి, తెల్లారేదాకా చదివేసిందట. ఆ రాసినాయన డాక్టరని, చిత్తూరు జిల్లా నుంచి వచ్చి తమ డిచ్‌పల్లి ఆస్పత్రిలోనే ఏళ్ల తరబడి కుష్ఠు రోగులకు వైద్యం చేశాడని ఆ తర్వాత తెలిసింది.

"మా ఊరి పక్కపొంటే ఉన్నడు, మాకెవ్వరు చెప్పలే" అంది. ఎలా ఉంది మరి అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది.

"ఆ తాత రాత్రంత కొట్లాడిండు కదన్నా. దానికి మార్కులేసేటోళ్లు ఎవ్వరు లేరు. అయినా కొట్లాడిండు." ఆగి, "తెల్లారి నాకు టెస్ట్ ఉండె. మంచిగ రాయలే" అని నవ్వేసింది.

అశోక్‌నగర్ మొదలవగానే బోర్డులు మారతాయి. కోచింగ్, హాస్టల్, మెస్, స్టడీ హాల్, జిరాక్స్, మళ్లీ కోచింగ్. ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల్లో 'రిచ్ డాడ్ పూర్ డాడ్', 'అటామిక్ హ్యాబిట్స్', పొద్దున్నే అయిదింటికి లేస్తే జీవితం మారిపోతుందని చెప్పే పుస్తకం. వాటిని తిరగేస్తున్న ఒకతను ఆ మూడోదాన్ని చూపించి, "గీయన్ని ఒక్కసారి మా రూమ్‌ల పండుకోబెట్టాలె" అన్నాడు. నలుగురికి ఒకటే బాత్రూమ్. అయిదింటికి లేస్తే వంతు ఆరున్నరకు వస్తుంది.

జిరాక్స్ షాపులో మూల ఒక గుట్ట ఉంది. సెకండ్‌హ్యాండ్ సెట్లు. ఉద్యోగం వచ్చిన వాళ్లవి కొన్ని, ఇక చాలనుకుని ఊరికి వెళ్లిపోయిన వాళ్లవి చాలా. ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది అని అడిగితే షాపాయన నా వైపు చూడకుండానే, "ఉద్యోగమొచ్చినోళ్లు జూనియర్లకు ఇచ్చేస్తరు సార్. అమ్మేది ఎక్కువ వేరేటోళ్లే" అన్నాడు, మెషిన్‌లో కాగితాలు సర్దుతూ.

ఒకటి తీసి తిరగేశాను. పసుపు హైలైటర్, దాని మీద ఎర్ర పెన్ను, దాని మీద మళ్లీ పెన్సిల్. "2016లో అడిగారు." "ఇది తప్పు, కీ చూడు." "మూడోసారి చదువుతున్నా, ఇప్పుడర్థమైంది." నా సంచీలోని నవలల్లో రాతలు ఒకరితో ఒకరు పోట్లాడుకునేవి. ఇవి ఒకే మనిషి తనతో తాను మాట్లాడుకున్నవి. వెనక అట్ట లోపల మెస్ బిల్లు, రూమ్ అద్దె, టెస్ట్ సిరీస్ ఫీజు కూడిన లెక్క ఉంది. మొత్తం కింద రెండు గీతలు. వాటి కింద "నాన్నకు చెప్పాలి" అని ఉంది. ఏం చెప్పాలో రాయలేదు. పుస్తకం దాని చోట పెట్టేశాను.

తొమ్మిది కావస్తుంటే మెస్‌కి వెళ్లాను. ఎదుటి కుర్చీలో కూర్చున్నతను వరంగల్ వైపు వాడు. పప్పు కలుపుతూ, అడక్కుండానే నా చేతిలోని కవితా సంపుటి వైపు చూసి, "ఎట్లుందన్నా?" అన్నాడు. నేను పొద్దుటినుంచీ పట్టుకు తిరుగుతున్న ప్రశ్న ఎదురొచ్చింది. ఇంకా చదవలేదు, ఒకాయన బాలేదన్న కవిత కోసం కొన్నాను అని చెప్పాను. నవ్వాడు.

మరి నీ సంగతేంటి అంటే, సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అన్నాడు.

"తెలుగుల ఫస్ట్ కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1955. గా బిట్ డిగ్రీ నుంచి చదువుతున్న. బుక్ మాత్రం ఎన్నడు చూడలే. రాజుల పేర్లు, యుద్ధాలు ఉంటయనుకున్న. తెరిస్తే ఏమున్నది? జనాలు ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏం ఆటలాడిన్రు, కోడిపందేలు, జూదం... మొత్తం గివే. రాజులు పక్కకు ఉన్నరు."

"బోర్ కొట్టలేదా?"

"కొన్ని కాడ కొట్టింది. పద్యాలు ఎక్కువ. నాకు సగం సమజ్ కాలే" అన్నాడు నిజాయితీగా. "కానీ ఒక కాడ మా ఓరుగల్లుల పూటకూళ్ల ఇండ్ల ముచ్చట వస్తది. కాకతీయుల కాలంల. క్రీడాభిరామంల ఉన్నదట. ఒక రూకిస్తే బువ్వ పెట్టేటోళ్లు. ఏమేం వడ్డించెటోళ్లో కూడ ఉంది." చుట్టూ ఒకసారి చూశాడు. స్టీలు కంచాలు, గోడకు తగిలించిన నెల కార్డులు, చెయ్యి కడుక్కునే దగ్గర క్యూ. "ఊరు విడిచి వచ్చినోడు ఏడు వందల ఏండ్ల కింద గూడ గిట్లనే తిన్నడన్నట్టు. అది చదివినంక నాకు ఈ మెస్ అంటే కోపం జర తగ్గింది."

సరదాకి అడిగాను. "ఇందులోంచి బిట్ వస్తదా?"

"వస్తే ఒకటే వస్తది. అది నాకు ముందే తెలుసు" అన్నాడు.

మజ్జిగ గబగబా తాగి లేచాడు. స్టడీ హాల్లో కుర్చీ మీద నోట్‌బుక్ పెట్టి వచ్చాడట, పది నిమిషాలు దాటితే తీసి పక్కన పెట్టేస్తారట. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగాడు.

"గోలకొండ కవుల సంచిక ఎక్కడన్న దొరుకుతదా అన్నా? 1934, 354 మంది కవులు. అది గూడ బిట్టే. చూడలే ఇంతవరకు."

వెతుకుతానన్నాను. నంబర్ చెప్పి, రోడ్డు దాటి పరిగెత్తాడు.