నడిచొచ్చిన దారి – 23: ‘ఇక దిగుదాం’ అనే హక్కు

పోయిన ఆదివారం మా స్టడీ సర్కిల్ అయిపోయి అందరం గిన్నెలు కడుక్కుంటున్నప్పుడు ఒక తమ్ముడు ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఎడారి. ఎవరో కుప్ప పోసినట్టు పెద్ద పెద్ద గుండ్లు. వాటి మధ్య చేతులు పైకెత్తి నిలబడ్డట్టు ముళ్ల చెట్లు.

“జాషువా ట్రీ అన్నా. జూలైల పోదాం. రాక్ క్లైంబింగ్.”

నాకు ముందు కోపమే వచ్చింది. లాస్ ఏంజెలెస్ నుంచి కారులో రెండున్నర గంటల దారి. కానీ జూలైలోనా? మా అమ్మ ఏటా ఏప్రిల్, మే నెలల్లో చెరువు పూడిక పనికి పోయేది. గడ్డపారకు లేవని మట్టి, నెత్తి మీద తట్ట, కింద కాలే నేల. ఆ ఎండ నుంచి బయటపడటానికే కదా మేం చదువుకున్నది! ఇప్పుడు డబ్బులు పెట్టి మళ్లీ ఎండలోకి పోవాలా? అదే మాట అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

అతను నొచ్చుకోలేదు. “మనోళ్లు రాయి కొట్టొచ్చు, రాయి మొయ్యొచ్చు. ఎక్కి పైన కూసుంటే తప్పా అన్నా?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

అతను సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాడు. నడుముకు తాడు కట్టుకుని బండ ఎక్కడం భువనగిరిలో నేర్చుకున్నాడు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మనలో చాలామందికి ఏడుపొచ్చింది, గుర్తుందా? ఆమెది నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబం, అతనిది ఖమ్మం జిల్లా దళిత కుటుంబం. ఇద్దరూ గురుకులం పిల్లలే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్లు మొదట చెయ్యి పెట్టిన రాయి కూడా ఆ భువనగిరి బండే. అలాంటి బండ మీద ఎక్కినవాడికి ‘మనకెందుకు ఈ సరదాలు’ అని చెప్పడానికి నేనెవర్ని?

సరే, పోదాం అన్నాను. కానీ ప్లాన్ నేను చూస్తానన్నాను. ఈ వారం ఆ ప్లాన్ గురించే రాస్తున్నాను. పాదయాత్రకో, ధర్నాకో మనుషుల్ని ఎండలోకి తీసుకుపోయే ప్రతి ఒక్కరికీ ఇందులో పని ఉంది.

ముందు ఆ చోటు సంగతి. మొహావీ, కొలరాడో అనే రెండు ఎడారులు కలిసే చోట ఉంది ఈ నేషనల్ పార్క్. ఎక్కడానికి ఎనిమిది వేలకు పైగా దారులున్నాయి. క్లైంబర్లు అక్టోబర్ నుంచి మే లోపే అక్కడికి పోతారు. వేసవిలో పగలు 38 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటడం మామూలే. “కొత్తగూడెంలో 45 చూసినోళ్లం, మాకిదో లెక్కా?” అన్నాడు ఇంకో తమ్ముడు. లెక్కే. అక్కడి గాలి పొడిగా ఉంటుంది. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తెలియదు. గ్రానైట్ ఎండను తాగి మళ్లీ మన మీదికే కక్కుతుంది. ఆ కాలే రాయికే మనం వేళ్లతో వేలాడాలి. వేడికి షూ రబ్బరు మెత్తబడుతుంది, చెమటకు వేళ్లు జారతాయి. పార్కు అంచుల్లో కొన్నిచోట్ల తప్ప లోపల తాగునీళ్లు లేవు. ఫోన్ సిగ్నల్ దాదాపు ఎక్కడా లేదు. ఇంటర్‌సెక్షన్ రాక్ పార్కింగ్ దగ్గర ఒక ఎమర్జెన్సీ ఫోన్ ఉంది. అది ఎక్కడుందో పోయిన వెంటనే అందరూ చూసుకోవాలని ప్లాన్‌లో మొదటి లైను రాశాను.

తర్వాత అమ్మకు ఫోన్ చేశాను.

“ఎండల రాళ్లెక్కనీకి పైసలిచ్చి పోతున్నరా బిడ్డా?” అని కాసేపు నవ్వింది. నవ్వి, పనిలోకి దిగింది. “తెల్లారక ముందే పోవాలె. ఎండెక్కకముందే దిగాలె. పొద్దుగాల పడమటి దిక్కు రాయికే నీడుంటది, గా దిక్కే ఎక్కుండ్రి. దూపైనంక తాగుడు గాదు, దూప గాకముందే తాగాలె. ఉత్త నీళ్లు గాదు, ఉప్పేసిన గంజి తాగాలె. నెత్తికి తడి తువ్వాల.”

తర్వాత క్లైంబింగ్ గైడ్‌లూ డాక్టర్ల సలహాలూ చదివాను. తెల్లవారుజామున మొదలుపెట్టు, నీడ ఉన్న ముఖం ఎంచుకో, దాహం కాకముందే తాగు, నీళ్లతో పాటు ఉప్పు పోనివ్వు. అమ్మ చెప్పనిది ఒక్కటీ లేదు. మన అమ్మల దగ్గర ఇంత విద్య ఉంది, దానికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, అంతే.

ఇంకో పేజీ కూడా ముందు పెట్టుకున్నాను. బయట పనిచేసే కూలీలకు ఎండ నుంచి రక్షణ నియమాలు అమెరికాలో మొదట పెట్టింది కాలిఫోర్నియాయే, 2005లో. ఆ వేసవిలో పొలాల్లో కూలీలు ఎండదెబ్బకు చనిపోయాక పెట్టారు. మనిషికి గంటకు దాదాపు లీటరు చల్లటి నీళ్లు ఇవ్వాలి. 80 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన 27 దాటితే నీడ ఏర్పాటు చేయాలి. అడిగినవాళ్లకు కనీసం అయిదు నిమిషాలు నీడలో విశ్రాంతి ఇవ్వాలి. కొత్తగా చేరినవాళ్ల మీద మొదటి పద్నాలుగు రోజులు కన్నేసి ఉంచాలి. మన ఉపాధి హామీ చట్టమూ 2005లోనే వచ్చింది. పనిచోట తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని అందులోనూ రాశారు. అక్కడా ఇక్కడా కాగితం ఒకటే మాట చెబుతోంది. కూలీ నోరు తెరిచి అడగగలిగితేనే ఆ కాగితానికి ప్రాణం. అడిగితే రేపు పని ఉంటుందో లేదో అన్న భయముంటే నీళ్ల డ్రమ్ము పక్కనే ఉన్నా మనిషి పడిపోతాడు.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు, ఇవాళ రాస్తున్నాను.

నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో స్కాలర్‌షిప్‌ల కోసం మే నెలలో పాదయాత్ర తీశాం. ముందు నడిచింది నేనే. మూడో రోజు మధ్యాహ్నం ఇంటర్ చదివే పిల్లవాడు ఒకడు అడుగులు తడబడుతూ వచ్చాడు. “ఏం రా?” అంటే “ఏం లేదన్నా” అన్నాడు. “ఇంకో రెండు కిలోమీటర్లే” అని నేను నినాదం అందుకున్నాను. ఆ రెండు కిలోమీటర్లు పూర్తి కాకముందే రోడ్డు మీద పడిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది, మాట్లాడితే పొంతన లేదు. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. కోలుకున్నాక అడిగితే ఒక్కటే అన్నాడు: “అందరు నడుస్తున్నరు. నేనొక్కణ్ని ఆగితే ఏమనుకుంటరో అని.”

ఆ మాట ఇన్నేళ్లుగా నన్ను వదల్లేదు. ఎండదెబ్బ ముందు కొట్టేది బుద్ధిని. ఒంటి వేడి 40 దాటాక మనిషికి తన పరిస్థితి తనకు తెలియదు, బాగానే ఉన్నానంటాడు. మన పిల్లలకైతే ఇంకో బరువు కూడా ఉంది. క్లాసులో, ల్యాబులో, ఇంటర్వ్యూలో ‘కోటావాడు’ అన్న చూపు తప్పని అందరికన్నా రెండింతలు రుజువు చేసుకుంటూ వచ్చినవాళ్లు. ‘నావల్ల కావట్లేదు’ అనే వాక్యం వాళ్ల నోట రాదు. రానివ్వలేదు మనం. ఉద్యమంలో మనం కూడా ‘తట్టుకున్నవాడే మొనగాడు’ అని నేర్పాం. నేను నేర్పాను.

అందుకే ప్లాన్‌లో రెండో లైను ఇలా రాశాను: ఆరుగురిలో ఎవరు ‘ఇక దిగుదాం’ అన్నా అందరం దిగుతాం. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఆ తర్వాత దాని మీద జోకులు కూడా ఉండకూడదు.

మూడోది నీళ్లు. షేర్ చేసుకున్న షీట్‌లో ఒక స్నేహితురాలు ‘ఎవరి బాటిల్ వాళ్లదే, షేరింగ్ లేదు’ అని రాసింది. కోవిడ్ నాటి అలవాటు, మరే ఉద్దేశమూ లేదు. భువనగిరి తమ్ముడు ఏమీ అనలేదు. తన కోసం నాలుగు బాటిళ్లు మాత్రం కొనుక్కున్నాడు. విడిగా అడిగితే చెప్పాడు: “మా ఊర్ల హోటల్ల మా గ్లాసు బయట పెట్టేటోళ్లన్నా. ఆ లైను చూస్తే అదే యాదికొచ్చింది.” నేను ఆమెకు చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఆ లైను తీసేసింది.

ఆ రాత్రి బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ మళ్లీ తీశాను. అదీ ఒక వేసవి ప్రయాణమే. తొమ్మిదేళ్ల పిల్లవాడు, అన్న, అక్క కొడుకులు సతారా నుంచి తండ్రి దగ్గరికి బయల్దేరారు. ప్లాన్‌లో లోటేమీ లేదు. తండ్రికి ఉత్తరం రాశారు, కొత్త బట్టలు కుట్టించుకున్నారు, టికెట్లు కొన్నారు. ఉత్తరం తండ్రికి అందలేదు. స్టేషన్ నుంచి ఎడ్లబండికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకోవాల్సి వచ్చింది. దగ్గర కావలసినంత తిండి ఉంది. నీళ్లిచ్చేవాళ్లు లేక, తిండి పక్కనే పెట్టుకుని ఆకలితో పడుకున్నారు. అలాంటి రాత్రి గడిపిన పిల్లవాడే 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు చేతిలోకి తీసుకున్నాడు. మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు అని ఏ గైడ్ అయినా చెబుతుంది. ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతారు అన్న ప్రశ్న మాత్రం మనమే ప్లాన్‌లో రాసుకోవాలి.

ఇప్పుడు షీట్ ఇలా ఉంది. పార్కు వాళ్లు మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు తెచ్చుకోమంటారు. ఆరుగురికి రెండు రోజులకు 12 గ్యాలన్లు. మేం 20 తీసుకుపోతున్నాం, అయిదు గ్యాలన్ల క్యాన్లు నాలుగు. క్యాన్లు మధ్యలో ఉంటాయి, ఎవరైనా ముంచుకోవచ్చు, ఎవరి గ్లాసైనా నింపొచ్చు. ఉప్పు, నిమ్మకాయలు, అమ్మ లెక్క ప్రకారం గంజి. వెలుతురు రాగానే పడమటి ముఖం బండ మీద మొదలు. ఎవరెంత ఎత్తులో ఉన్నా తొమ్మిదికల్లా నేల మీద. ఎవరైనా తేడాగా మాట్లాడితే ముందు నీడ, ఒంటి నిండా నీళ్లు, విసురు, వెంటనే ఆ ఫోన్ దగ్గరికి ఒకరు పరుగు. పగలు రాయి జోలికి పోం. కారెక్కి ఐడిల్‌వైల్డ్ కొండల్లో పైన్ చెట్ల కిందికి పోతాం. బయల్దేరే ముందు రోజు హీట్ వార్నింగ్ ఉంటే ఎడారి రద్దు, నేరుగా కొండలకే. రద్దయితే ఎవరూ ఓడిపోయినట్టు కాదని కూడా రాశాను. ఆ మాట నాకోసమే రాసుకున్నాను.

నిన్న ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. ‘ఇక దిగుదాం’ లైను దగ్గర ఆపి, “మా పని కాడ గిది ఉంటే మంచిగుండు” అంది. తర్వాత, “పైకెక్కినంక ఒక ఫోటో పంపు బిడ్డా. రాళ్లు మోసినగని, రాయి మీదికెక్కి ఎన్నడు సూడలే. ఎట్ల కనబడతదో సూస్త” అంది.

పంపుతాను. సగంలో దిగిపోతే సగంలో తీసిన ఫోటో పంపుతాను. దాన్ని ఇక్కడ కూడా పెడతాను.

జై భీమ్.