నిమ్మకాయ తొక్కిన చక్రం

కాణిపాకం వినాయకుడి గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయించుకునే కుటుంబాల్ని చూస్తే భలే ముచ్చటేస్తుంది. బానెట్‌ మీద పసుపు కుంకుమ, ముందు బంతిపూల దండ, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు. ఇంటి పెద్దాయన బండిని మెల్లగా ముందుకు పోనిస్తుంటే పిల్లలు చెవులు రిక్కించి నిమ్మకాయ చితికే చప్పుడు కోసం ఎదురుచూస్తారు. బండి కొన్నాక ఇంటిల్లిపాదీ టైర్ల వంక అంత శ్రద్ధగా చూసేది బహుశా ఆ ఒక్కరోజే. మళ్లీ చూసేది పంక్చరైనప్పుడు!

చిత్తూరు, తిరుపతి వైపు తిరిగేవాళ్లకు అలా కుదరదు. ఇక్కడ ఏ దిక్కుకెళ్లినా కొండో ఘాటో తగులుతుంది. తిరుమల సరే సరి. చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్తే మొగిలి ఘాట్‌. తిరుపతి నుంచి మదనపల్లెకు బయల్దేరితే భాకరాపేట ఘాట్‌, ఆపైన హార్సిలీ హిల్స్‌. 2022 మార్చిలో ధర్మవరం నుంచి శుభకార్యానికి బయల్దేరిన బస్సు లోయలో పడింది భాకరాపేట ఘాట్‌లోనే. 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్నది మొగిలి ఘాట్‌లో. వాటికి టైర్లే కారణమని కాదు. నిండా బరువుతో వాలు దిగే బండికి తప్పు దిద్దుకునే వ్యవధి ఎంత తక్కువో ఈ దారుల్లో రోజూ తిరిగేవాళ్లు మర్చిపోరు.

అందుకే తిరుపతిలో టైర్ల దుకాణం నడిపే మనిషి అడిగే మొదటి ప్రశ్న వేరుగా ఉంటుంది. బయటి ఊరి నుంచి ఫార్చూనర్‌లో దిగినాయన ‘‘అన్నా, రేపు కొండకు పోతా ఉండాం. బాగా లావు టైర్లు చూపించు’’ అంటాడు. ‘‘లావు సంగతి తర్వాత సామీ, బండిలో ఎంతమంది ఎక్కేది? పైన సామానెంత?’’ అంటాడు దుకాణదారు. ఏడు సీట్ల బండిలో తొమ్మిది మంది, క్యారియర్‌ మీద సూట్‌కేసులు, ఓ మూల పులిహోర డబ్బాలు... లెక్క చెప్పేటప్పుడు ఆసామి కాస్త తడబడతాడు.

జవాబు టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. ఫార్చూనర్‌కి వేసే ఒక రకం టైరు మీద ‘265/65 ఆర్‌17 112ఎస్‌’ అని కనిపిస్తుంది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 17 అంటే రిమ్ము అంగుళాలు. అందరూ అక్కడితో ఆగిపోతారు. అసలు చూడాల్సింది ఆ తర్వాతి 112. అది ఆ టైరు మోయగల బరువుకు గుర్తు... 1,120 కిలోలు. 104 అని ఉంటే 900 కిలోలే. ఒక్కో చక్రానికి 220 కిలోల తేడా, నాలుగింటికీ కలిపి 880. పదిమంది పెద్దవాళ్ల బరువు కన్నా ఎక్కువే! చూపులకు ఎంత లావుగా ఉన్నా, కంపెనీ వేసిచ్చినదాని కన్నా ఈ అంకె తగ్గితే ఆ టైరు ఈ బండికి పనికిరాదు. చివరి ‘ఎస్‌’ వేగానికి సంబంధించింది, గంటకు 180 కిలోమీటర్లు. ఘాట్‌ రోడ్డులో దాంతో పని పడకూడదనే కోరుకుందాం.

మరి జీపుల్లా పెద్ద పెద్ద గాడులున్న టైర్లో? కుర్రాళ్లకు వాటి మీదే మోజు. బురదలో, రాళ్లలో తిరిగేవాళ్లకు అవి అవసరమే. తారు రోడ్డు మీద మాత్రం మోతెక్కువ, డీజిలూ కాస్త ఎక్కువే తాగుతాయి. ఏడాదిలో పొలం గట్టు దాకా రెండుసార్లు వెళ్లే బండికి హైవే టైర్లే చాలు. తడి రోడ్డు మీద నీళ్లను పక్కకు తోసే గాడులు లోతుగా ఉండాలి, అంతే. ఈ జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి. 2021 నవంబరు వానలకు తిరుమల ఘాట్‌ రోడ్లు మూసేయాల్సి వచ్చింది. డిసెంబరు మొదట్లో బండరాళ్లు పడి ఎక్కే దారే దెబ్బతింది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే టైరు మార్చేయాలన్నది నిబంధన. వానాకాలం ఘాట్‌కి వెళ్లేవాళ్లు అంతదాకా ఆగకపోవడమే మంచిది.

డబ్బుకి కటకటై రెండే కొత్తవి కొంటే వాటిని ముందు వేయించుకుంటారు చాలామంది. వెనక వేయించాలి. తడి మలుపులో ముందు చక్రం జారితే వేగం తగ్గించి సర్దుకోవచ్చు. వెనకది జారిందో, బండి గిర్రున తిరిగిపోతుంది.

ఇంకో అపోహ గాలి గురించి. ‘ఎండలు మండిపోతున్నాయి, గాలి కాస్త తక్కువ పట్టు. లేకపోతే పేలిపోతుంది’ అంటారు. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మాట నిజమేననిపిస్తుంది. జరిగేది దానికి తిరగబడి. గాలి తగ్గిన టైరు బరువుకి పక్కలకు ఉబ్బి, ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంది. ఆ వంగుడుకే లోపల వేడి పుట్టి టైరు దెబ్బతింటుంది. డ్రైవరు తలుపు తీస్తే పక్కన చిన్న పట్టీ ఉంటుంది. కొన్ని బండ్లకు దాని మీద రెండు లెక్కలిస్తారు, ఒకటి మామూలుగా తిరగడానికి, రెండోది నిండా జనం ఎక్కినప్పుడు. కొండకు వెళ్లే రోజు చూడాల్సింది రెండోది. అదీ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు.

అలిపిరి దాటాక దారి దాదాపు 700 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఒకప్పుడు ఎక్కడానికీ దిగడానికీ 1944లో వేసిన పాత ఘాట్‌ రోడ్డే దిక్కు. 1974లో రెండోది వచ్చాక అది ఎక్కడానికీ, పాతది దిగడానికీ అయ్యాయి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం గడువు పెట్టింది. తొందరగా చేరితే ఘనత కాదు, జరిమానా! దిగడానికే ఎక్కువ టైమెందుకని పిల్లలు అడుగుతారు. ఎక్కేటప్పుడు కాలు తీస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. దిగేటప్పుడు కొండే తోస్తుంటుంది. బ్రేకు మీదే కాలుంచి దిగితే ఆ వేడి రిమ్ముకి, దాన్నుంచి టైరుకి ఎక్కుతుంది. చిన్న గేరులో దిగితే ఆ భారం ఇంజిను పట్టుకుంటుంది. మోకాళ్ల మెట్టు దగ్గర కాలినడక భక్తులు ఈ రోడ్డు పక్కనే నడుస్తుంటారు. పట్టు తప్పిన బండి ప్రమాదం లోపలున్నవాళ్లకే కాదు.

ఈ తోపుడు సంగతి జూన్‌, జులై నెలల్లో దామలచెరువు, బంగారుపాళెం వైపు తోతాపురి కాయలు తోలే ట్రాక్టరు డ్రైవర్లకు మరీ బాగా తెలుసు. ఎక్కేటప్పుడు ట్రాక్టరు ట్రాలీని లాగుతుంది, దిగేటప్పుడు ట్రాలీ ట్రాక్టరును తోస్తుంది. సెలవుల్లో పెద్ద కారు వెనక క్యాంపర్‌ తగిలించుకుని పిల్లాపాపలతో తిరిగే అమెరికా తెలుగువాళ్లదీ ఇదే పాట్లు. చక్రాల మీద ఇల్లులాంటి ఆ బండి మన రోడ్ల మీద అరుదు. దాని బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు కారు కొక్కెం మీద పడాలి. రెండు టన్నుల క్యాంపరైతే 200 నుంచి 300 కిలోలు. కొక్కెం వెనక ఇరుసుకన్నా వెనక్కి ఉంటుంది కాబట్టి వెనక టైర్ల మీద అంతకు మించే పడుతుంది. అందుకని కొందరు పక్కలు గట్టిగా ఉండే ‘ఎల్‌టీ’ రకం టైర్లు వేయిస్తారు. కానీ వాటికి గాలి ఎక్కువ పట్టాలి. పాత లెక్కనే పట్టిస్తే ఖరీదైన టైరు కూడా మామూలుదానికన్నా తక్కువే మోస్తుంది!

కొనేముందు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగంకెలు కూడా చదవాలి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. ఇప్పుడు టైర్లు ఎక్కడినుంచో రానక్కర్లేదు. వరదయ్యపాళెం మండలం చినపాండూరులో అపోలో కర్మాగారం 2020లో మొదలైంది. అలాగని దుకాణంలో మూలన పడున్న టైరు కొత్తదైపోదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆ ఫార్చూనర్‌ మళ్లీ దుకాణం ముందు ఆగింది. నాలుగు చక్రాలకూ గాలి చూసిన కుర్రాడు బండి కిందికి దూరాడు. ‘‘స్టెప్నీ ఎప్పుడు చూసినారు సార్‌?’’ అని లోపల్నుంచే అడిగాడు. పెద్దాయన భార్య వంక చూశాడు. ఆవిడ కొడుకు వంక చూసింది. మీటరు ముల్లు పది దగ్గర ఆగింది.