తేనెటీగలు పెంచుకుందామా?

పల్లెలో కొద్దిపాటి భూమి ఉన్న ప్రతి కుటుంబానికీ ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తూనే ఉంటారు: "తేనెటీగల పెట్టెలు పెట్టుకోండి, కూర్చున్న చోటికే రాబడి వస్తుంది." మాకు కూడా ఇచ్చారు. మాది ఏలూరు జిల్లా మెట్టలో ఎకరంన్నర చేను. కొబ్బరి చెట్లు పది, మామిళ్లు నాలుగు, గట్ల మీద మునగ, కానుగ. మిగిలిన నేలలో నువ్వులు, గుమ్మడి, బీర. గేదెను అమ్మిన సొమ్ము కొంత చేతిలో ఉంది. పిల్లల ఫీజులు ముందున్నాయి. ఆ సొమ్ముకు కొంత అప్పు కలిపి పది పెట్టెలు పెట్టమని సలహా. పెట్టుదుమా, మానుదుమా అని ఇంటిల్లిపాదిమీ ఒక సంవత్సరం ఆలోచించాము. మీలో కొందరికైనా ఉపయోగపడునని ఆ ఆలోచనను ఇక్కడ పంచుకుంటున్నాము.

మొదటి ప్రశ్న, ఏ ఈగ? చెట్టుకొమ్మకు పెద్ద పట్టు పెట్టే రాక్షసి ఈగ గాని, పొదల్లో చిన్న పట్టు పెట్టే ఈగ గాని పెట్టెలో నిలవవు. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో కాపురముండే మన పుట్టతేనె ఈగ, విదేశం నుండి తెచ్చిన ఇటాలియన్ ఈగ పెట్టెలో మసలుతాయి. ఇటాలియన్ ఈగ తేనె ఎక్కువ ఇస్తుంది గాని, దానికి పూత విస్తారంగా కావాలి. అందుకే దానిని పెంచేవారు పూత ఉన్న చోటికల్లా పెట్టెలను లారీల మీద తరలిస్తుంటారు. అది మావల్ల అయ్యే పని కాదు. పుట్టతేనె ఈగ పెట్టెకు ఏడాదికి ఐదు నుండి పది కిలోలు ఇస్తే బాగా ఇచ్చినట్లే. అయితే ఉన్నచోటనే బ్రతుకుతుంది.

దానికీ ఆపద లేకపోలేదు. 1991-92లో థాయి సాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిలో వ్యాపించి పెట్టెలలోని పుట్టతేనె ఈగలను చాలావరకు తుడిచిపెట్టింది. పిల్లపురుగు నీటి సంచిలా ఉబ్బి చనిపోతుంది. దానిని నయం చేసే మందు నేటికీ లేదు. ఈ సంగతి తెలిసిన నాడే అప్పు మాట మా ఇంట్లో ఆగిపోయింది.

పెట్టె గూర్చి కూడా తెలుసుకున్నాము. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరుగారు 1851లో ఒక చిన్న విషయం గమనించారు. పట్టుకూ పట్టుకూ మధ్య సెంటీమీటరుకు కొంచెం తక్కువ సందు ఉంటే ఈగలు దానిని మైనంతో పూడ్చవు, నడిచే దారిగా ఉంచుకుంటాయి. ఆ సందు విడిచి చట్రాలు అమర్చినందువలన పట్టును విరగ్గొట్టకుండా పైకి తీసి చూడగలుగుతున్నాము. 1910ల్లో మన దక్షిణాదిన న్యూటన్ అనే కాథలిక్ గురువు మన ఈగకు తగిన చిన్న పెట్టె తయారుచేసి అనేకులకు నేర్పారు. నేటికీ దానిని న్యూటన్ పెట్టె అనే అంటారు.

తరువాత ఈగలకు తిండి చూశాము. గోడ క్యాలెండరు మీద ఏ నెలలో ఏది పూస్తుందో రాస్తూ వచ్చాము. జనవరి మొదలు మామిడి, జీడిమామిడి, తాటి. వేసవిలో వేప, కానుగ, చింత. కొబ్బరి నెలనెలా గెల వేస్తుంది. వానలు ముదిరిన జూలై, ఆగస్టు గడులు మాత్రం దాదాపు ఖాళీగా మిగిలాయి. ఆ రోజుల్లో చక్కెరను సమానమైన నీటిలో కరిగించి, సాయంత్రం వేళ పెట్టెలో ఉంచి ఈగలను బ్రతికించుకోవాలి. అది కూడా ఖర్చే.

క్యాలెండరు మరో సంగతి చెప్పింది. ఈగ మా ఎకరంన్నరలో ఆగదు. సుమారు కిలోమీటరు దూరం మేతకు పోతుంది. చుట్టూరా కిలోమీటరంటే ఏడువందల ఎకరాలకు పైమాటే. పెట్టె మాది, మేత మాత్రం ఊరందరిది. ఆ ఊరందరి చేలల్లో మిరప ఉంది, పత్తి ఉంది, పురుగుమందు ఉంది.

కాబట్టి పెట్టెలు కొనక మునుపే పొరుగువారి దగ్గరకు వెళ్లాము. పక్క చేని పెద్దాయన మొహమాటం లేకుండా, "మందు కొట్టకపోతే మిరప నిలబడదు. మీ ఈగల కోసం నా పంట పోగొట్టుకోమంటారా?" అన్నారు. ఆయన మాటలో న్యాయముంది. "మానమని కాదు బాబాయిగారూ, ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టండి, ముందురోజు మాకొక మాట చెప్పండి" అని అడిగాము. "ఎండలో ట్యాంకు మోయడం నాకూ కష్టమే, అలాగే చేద్దాం లెండి" అన్నారు. ఈగ వాలితే గుమ్మడి, దోస, పొద్దుతిరుగుడు కాపు పెరుగుతుంది గనుక మరి ఇద్దరు సంతోషంగా ఒప్పుకున్నారు. ఒకరు మాత్రం కుదరదన్నారు. ఆయన చేను దూరమే గాని ఆ కిలోమీటరు లోపలే ఉంది. ఆ భయం మాకు మిగిలే ఉంది.

ఇంట్లో పెద్దావిడ భయం వేరు. నిరుడు మా చిన్నపాపను కందిరీగ కుట్టగా చెయ్యంతా వాచింది. డాక్టరుగారిని అడిగాము. కుట్టినచోట వాపు మామూలే గాని, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తేవాలన్నారు. అందుచేత పెట్టెలకు ఇంటి దగ్గర గాక, పశువులు తిరగని దూరపు మామిడి నీడన చోటు చూశాము.

చివరికి రెండు పెట్టెలతో మొదలుపెట్టాలని నిర్ణయించాము. ఒకటే ఎందుకు కాదంటే, ఒక గూటిలో రాణి చనిపోతే రెండవ దానిలోని గుడ్లున్న పట్టును ఇచ్చి నిలబెట్టుకోవచ్చు. వానలు వెనుకబట్టాక, అక్టోబరులో తెస్తాము. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్లకు నీళ్ల గిన్నెలు పెట్టాలి. వారానికొకసారి తెరచి మైనపు పురుగు పట్టిందేమో చూడాలి. ఆ పని ఎవరిదో కూడా పంచుకున్నాము. మొదటి సంవత్సరం తేనె మీద ఆశ పెట్టుకోలేదు. మిగిలిన గేదె సొమ్ము పిల్లల ఫీజుల నిమిత్తం పోస్టాఫీసులో వేశాము.

మీరు కూడా ఈ ఆలోచనలో ఉన్నట్లయితే, ఎన్ని కిలోలు వస్తుందని అడిగే ముందు రెండు సంగతులు చూసుకోండి. పన్నెండు నెలలలో ఏ నెల పూత లేదు? మందు కొట్టే పొరుగువారితో మీకు మాట కలుస్తుందా? ఈ రెండింటికీ జవాబు దొరికాక పెట్టె కొనవచ్చును.