చేతిచెక్క

ఛందస్సును గూర్చి వ్రాస్తానని క్రిందటి టపాలో మాట యిచ్చి, ఇప్పుడు తుపాకీని గూర్చి వ్రాస్తున్నందుకు మిత్రులు మన్నించాలి. ఈ నెలన్నరగా నా మనసు గణాల మీద నిలవలేదు. కారణం నా చేతి అజాగ్రత్తయే.

హనుమాన్ జంక్షన్ నుండి నూజివీడు పోయే దారిలో మాకు కొద్దిపాటి మామిడితోట ఉన్నది. (నూజివీడు పేరుగల రైల్వేస్టేషను మా జంక్షన్లోనే ఉన్నది. ఆ పేరు నమ్మి రైలు దిగినవారు నూజివీటికి మళ్ళీ బస్సెక్కవలసిందే.) తోట నిండా చిన్నరసాలు, బంగినపల్లి, గట్టు వెంబడి కలెక్టరు కాయ. తోటకు కాపలాగా మా నాన్నగారు నేను పుట్టకముందే ఒక తుపాకీ కొన్నారు. బర్మింగ్‌హామ్‌లో తయారైన ఒంటిగొట్టం తుపాకీ, పన్నెండు బోరుది. ఆ గొట్టంలో సరిగా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయి. ఆ అంకెకు అర్థం అంతే. గొట్టం లోపల మరచుట్టు గాళ్ళు లేవు కనుక దానిని రైఫిలు అనరాదు. కాయ ముదిరే రోజులలో, గబ్బిలాలు చెట్ల మీద వ్రాలిన రాత్రులలో నాన్నగారు ఆకాశం వైపు ఒక్కసారి పేల్చి ఊరుకొనేవారు. కోతుల మీదికి మాత్రం ఎన్నడూ ఎత్తి ఎరుగరు. ఊరి పేరే ఆంజనేయులవారిది గదా!

నాన్నగారి తరువాత లైసెన్సు అన్నయ్య పేర మారింది. 2019 సవరణకు ముందు మూడేళ్ళకొకసారి, ఇప్పుడు ఐదేళ్ళకొకసారి దానిని పునరుద్ధరించుకోవాలి. ఈమారు గడువు దగ్గరపడినప్పుడు అన్నయ్య, "ఒరేయ్, బీరువాలోంచి కాస్త దాన్ని అందుకో, నా చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. ఆయనకు డెబ్బది యెనిమిది. వణకని చేతులు నావి. ఆ చేతులలోనుండే అది జారి నాపరాతి గచ్చు మీద పడింది. గొట్టం క్రింద ఎడమచేయి ఆనించే చెక్క నిలువునా రెండుగా చీలింది.

అన్నయ్య కోపగించలేదు. కోపగించి ఉంటే బాగుండేది. చీలిన ముక్కలు రెండూ ఏరి, పంచెకొంగుతో తుడిచి, "నాన్నగారు ఇక్కడే పట్టుకొనేవారురా" అన్నాడు.

ఆ చెక్కను ఏమంటారో కూడ నాకు తెలియదు. తెలుగు పండితుడిని కనుక మొదట చేసిన పని నిఘంటువులు తిరగవేయడం. తుపాకీ చిన్న సుత్తిని 'గుఱ్ఱం' అంటారని తెలుసు. ఈ చెక్కకు పేరు దొరకలేదు. వింటినారి దెబ్బ తగలకుండ విలుకాడు ఎడమచేతికి కట్టుకొనే తోలును అమరకోశం 'గోధ' అన్నది. గోధ అంటే ఉడుము. విశ్వామిత్రుని వెంట నడిచే రామలక్ష్మణులకు వాల్మీకి గోధనూ, వ్రేళ్ళను కాచే అంగుళిత్రాణాన్నీ తొడిగినాడు. ఎంత ముచ్చటైన మాటలు! అయితే అవి చేతికి కట్టుకొనేవి. ఇది ఆయుధానికి కట్టినది. పొసగలేదు. ఇంట్లో మేము చేతిచెక్క అనుకొన్నాము. ఇక్కడా అదే వాడుతాను.

తుపాకీ బాగుచేయడం ఊరి వడ్రంగి చేయదగిన పని కాదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం మరమ్మతు చేసేవారికీ లైసెన్సు కావాలి. అన్నయ్య అంతదూరం కూర్చొని రాలేడు. లైసెన్సుదారు వ్రాతపూర్వకంగా అనుమతిస్తే, లైసెన్సు లేనివాడు కూడ మరమ్మతు కొరకు ఆయుధాన్ని తీసికొనిపోవచ్చునని అదే చట్టం మూడవ సెక్షను చెబుతున్నది. ఆ అనుమతిపత్రం నేనే రచించాను. అన్నయ్య చదివి, "ఇన్ని సంధులేమిటిరా, దారిలో పోలీసులు ఆపితే విడదీసి చెప్పాలి" అని నవ్వి సంతకం పెట్టాడు. చెక్క విరిగిన నాటినుండి ఆయన నవ్వడం అదే మొదలు.

బెజవాడలో ఒక పాత దుకాణం. మేస్త్రికి నా యీడే ఉంటుంది. ఇటువంటి చెక్క ఇప్పుడు విడిగా దొరకదనీ, మన దేశపు తుపాకీకి చేసిన క్రొత్త చెక్క ఒకటి తెప్పిస్తాననీ చెప్పాడు. వారం తరువాత వెళ్ళి చూస్తే చెక్క బాగున్నది, వార్నీషు బాగున్నది, పెట్టబోతే పట్టలేదు. గొట్టం అడుగున చెక్కను పట్టి ఉంచే ఇనుపకొక్కెం ఒకచోట, చెక్కలోని గాడి మరొకచోట. మరమేకు రెండు చుట్లు తిరిగి బిగుసుకొన్నది. పాత ఇంగ్లీషు మరలు విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో ప్రతిపాదించిన కొలతవట, పంటికి పంటికి నడుమ 55 డిగ్రీల కోణం. ఇప్పటి మెట్రిక్ మరలకు 60. కంటికి ఒకటిగానే కనిపిస్తాయి.

దుకాణంలోని కుర్రవాడు ఆకురాయి అందుకొని, "కొక్కేన్ని రెండు రుద్దులు రుద్దితే కూర్చుంటుందండీ" అన్నాడు. నేను సరేనన్నాను. నిజం చెప్పాలి, సంతోషంగానే సరేనన్నాను. సాయంకాలానికి తుపాకీ అన్నయ్య చేతిలో పెట్టి, నా తప్పు దిద్దుకొన్నానని అనుకోవాలన్న తొందర నాది.

మేస్త్రి వాని చేతిలోని ఆకురాయి లాగుకొన్నాడు.

"మాస్టారూ, ఈ చెక్క చేతికోసం అనుకుంటున్నారా?"

కాదా అన్నాను. ఆయన తుపాకీని మడిచి చూపించాడు. తూటా పెట్టడానికి గొట్టం క్రిందికి వంగుతుంది. వంగే కీలు దగ్గర గొట్టం ఒక కొక్కెంతో తగులుకొని ఉంటుంది, అంతే. అది ఊడి రాకుండ ఎదురుగా ఆనుకొని ఉండేది చేతిచెక్క చివరనున్న ఇనుపబిళ్ళ. బిళ్ళ వంపూ, కీలు వంపూ ఒకదానిలో ఒకటి ఒదగాలి. ఒదగకపోతే గొట్టం కదులుతుంది. కదిలిన గొట్టానికీ వెనుకదిమ్మెకూ నడుమ సందు పడుతుంది. పేలినప్పుడు ఆ సందులోనుండి నిప్పు పేల్చినవాని ముఖం మీదికి రావచ్చు. అందుకే నాటి పనివారు ఏ తుపాకీకి ఆ చెక్కనే చేతితో అరగదీసి కూర్చారు. మా తుపాకీకి గొట్టం మీద, కీలుదిమ్మె మీద, ఈ ఇనుపబిళ్ళ మీద ఒకే అంకె చెక్కి ఉన్నది. అరవై యేళ్ళుగా ఇంట్లో ఉన్న వస్తువు మీద ఆ సంగతి నేను గమనించనే లేదు.

"అరగదీయాలంటే వచ్చినదాన్ని అరగదీయాలండీ. ఉన్నదాన్ని ముట్టుకోకూడదు" అన్నాడు మేస్త్రి.

నాకు వ్యాకరణం గుర్తుకు వచ్చింది. సంధి కుదరని రెండు అచ్చుల నడుమ యడాగమం వచ్చి కూర్చుంటుంది, అచ్చులు రెండూ చెక్కుచెదరవు. అటులే నడుమ ఒక రేకు పెట్టరాదా అని అడిగాను. "రేకు ఊడొస్తుందండీ" అన్నాడు. శాస్త్రం అన్నిచోట్లా పనికిరాదు.

ఆ రాత్రి టెక్సాసులో ఉన్న అన్నయ్య కొడుకు ఫోను చేశాడు. వాని దగ్గర ఏఆర్-15 తరహా రైఫిలు ఉన్నది. యూజీన్ స్టోనర్ అనే ఆయన 1950లలో రూపొందించినది. దానికి పొడవైన అల్యూమినియం చేతిరక్ష బిగించాలని వాడు తెప్పించుకొన్నాడట. ఆ జాతి రైఫిళ్ళకు పలు కంపెనీల భాగాలు ఒకదానికొకటి పడతాయని పేరు. తీరా చూస్తే వీని రైఫిలు చేసినవారు గొట్టం బిగించే నట్టును తమ సొంత కొలతతో చేశారు. క్రొత్త రక్షను ఆ నట్టు పట్టలేదు. పాత నట్టు విప్పాలంటే ముందు గొట్టం మీది గ్యాసు దిమ్మె తీయాలి, క్రొత్తది నిర్ణీతమైన బిగువుతో బిగించాలి, సన్నని గ్యాసు గొట్టం దేనికీ తగలకుండ లోపలికి పోవాలి. "చేతికి తొడుగనుకున్నాను బాబాయ్, గొట్టమంతా విప్పాల్సొచ్చింది" అన్నాడు. పనిముట్లున్న వానికి అప్పగించి ఊరుకొన్నాడట. వానికి నేను అమరకోశం వినిపించబోయాను. సిగ్నలు పోయింది, లేదా పోయిందన్నాడు.

చివరకు మేస్త్రి చేసిన ఉపాయం ఇది. మా విరిగిన చెక్కలోనుండి అంకె ఉన్న ఇనుపబిళ్ళను మరలతో సహా ఊడదీశాడు. అది చెక్కుచెదరలేదు. తెప్పించిన చెక్కలోని ఇనుమంతా తీసి పారవేశాడు. ఇక ఆ చెక్క లోపలిభాగాన్ని మా బిళ్ళకు సరిపడ తొలిచాడు. అంటే కొన్నదానిలో మిగిలినది కొయ్య మాత్రమే. తోటలో పడిపోయిన మామిడిమాను ఉన్నది, దానితో చేయించుకోరాదా అని నాకొక ఆశ పుట్టింది. మామిడి మెత్తన, పురుగు పడుతుందని ఆయన ఒప్పుకోలేదు.

తొలిచే విధం చూచి తీరవలసినది. కిరసనాయిలు దీపం మీద బిళ్ళను పట్టి మసి పట్టించేవాడు. చెక్కలో అదిమి తీసేవాడు. మసి అంటినచోట మాత్రమే ఉలితో వెంట్రుకవాసి గీసేవాడు. మళ్ళీ మసి, మళ్ళీ అదమడం. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పది దగ్గర మానుకొన్నాను. మసి ఒకచోట కాక అంతటా సమంగా అంటినప్పుడు మాత్రమే ఆయన ఉలి క్రిందపెట్టాడు. నలుబది యేళ్ళు పిల్లల వ్రాతపుస్తకాలు దిద్దినవాడిని, అంత ఓర్పుతో దిద్దానా అని ఇంటికి వచ్చేదారిలో చాలసేపు అనుకొన్నాను.

అన్నయ్య వాకిట్లోనే కూర్చొని ఉన్నాడు. తుపాకీ ఖాళీగా ఉన్నదని ముందు చూచుకొని, మడిచి, మూసి, ఆ చప్పుడు చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. మళ్ళీ మడిచి మూశాడు. ఎడమచేయి క్రొత్త చెక్క మీద ఆనించాడు. వెనుకటి కొయ్య నలుపు, ఇది ఎరుపు, కుదరని జంటే.

"సన్నగా ఉంది. నాన్నగారిది వెడల్పు చెయ్యి" అన్నాడు.

"మార్పించమంటావా?"

"వద్దులే, నా చేతికి సరిపోయింది."

లేచి తానే లోపలికి తీసికొనిపోయాడు. నేను అందుకోబోతే మోచేత్తో ప్రక్కకు త్రోసి, "నువ్వు తలుపు తియ్యి చాలు" అన్నాడు.