కారు లేకుండా ఒరాకిల్ పార్కుకు

శాన్‌ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ జట్టు బేస్‌బాల్ ఆట చూడాలంటే టికెట్ దొరకడం పెద్ద కష్టం కాదు. కారు ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. దాదాపు 41 వేల మంది పట్టే ఒరాకిల్ పార్క్ సముద్రానికి ఆనుకుని, నగరం మధ్యలోనే ఉంది. అమెరికా స్టేడియాల చుట్టూ మామూలుగా కనిపించే పార్కింగ్ మైదానాలు ఇక్కడ లేవు. సన్నీవేల్‌లో ఉండే మా మేనల్లుడికి అది బాగా తెలుసు. ‘కారు ఇంటి దగ్గరే ఉండనీ మావయ్యా, రైల్లో పోదాం’ అన్నాడు.

అక్క కూడా బయల్దేరింది. డెబ్బై దాటిన మనిషి. వేసవి వస్తే కొడుకు దగ్గరికి వస్తుంది. డ్రైవింగ్ రాదు కాబట్టి వారమంతా ఇంట్లోనే. శనివారం కొడుకు తీసుకెళ్తే గుడి, ఇండియన్ స్టోర్. బే ఏరియాకు వచ్చే మన తల్లిదండ్రుల్లో చాలామంది రోజులు ఇలాగే గడుస్తాయి. అందుకే ఈ ప్రయాణాన్ని నేను ఆమె కళ్ళతోనే ఎక్కువగా చూశాను.

కాల్‌ట్రెయిన్ ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీద యంత్రానికి క్లిప్పర్ అనే ఛార్జీల కార్డు తాకించాలి, దిగాక మళ్ళీ తాకించాలి. అంతే తతంగం. శాన్‌హోసే, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య ఈ రైలుమార్గం 1860ల నాటిది. 2024 సెప్టెంబరులో ఈ రెండు ఊళ్ళ మధ్య డీజిల్ బళ్ళు పోయి కరెంటు రైళ్ళు వచ్చాయి. వారాంతాల్లో గంటకొకటి నడిచే రైలు అరగంటకొకటి అయింది. ఆట చూడబోయేవాళ్ళకు ఈ అరగంట తేడా చిన్నదేం కాదు: ఒక రైలు తప్పితే తొలి ఇన్నింగ్స్ పోతాయన్న భయం ఇప్పుడు లేదు.

మేనల్లుడు తన సైకిల్ కూడా తెచ్చాడు. సైకిళ్ళకు వేరే పెట్టెలున్నాయి. అక్కడి పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఒక్కో స్టాండుకు సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి ఆనించి, సాగే తాడుతో కడతారు. ప్రతి సైకిల్‌కీ దిగబోయే స్టేషన్ పేరున్న చీటీ వేలాడుతుంది. కొత్తగా ఎక్కినవాళ్ళు ఆ చీటీలు చదివి, తమకన్నా తర్వాత దిగేవాళ్ళ సైకిళ్ళున్న చోటే తమది పెడతారు. ఎవరూ అరవరు, ఎవరి సైకిలూ ఇరుక్కోదు.

చివరి స్టేషన్ ఫోర్త్, కింగ్ వీధుల కూడలిలో. అక్కడ దిగితే దారి అడగాల్సిన పనే లేదు. నారింజ, నలుపు చొక్కాల జనం ఎటు నడిస్తే అటు నడవడమే. నిదానంగా నడిచినా పది నిమిషాల్లో విల్లీ మేస్ ప్లాజా వచ్చింది. జెయింట్స్ దిగ్గజం మేస్ కంచు విగ్రహం చుట్టూ 24 పామ్ చెట్లు; ఆయన జెర్సీ అంకె 24 కదా. అక్క ఎక్కడా ఆగి రొప్పలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషికి ఇంతకన్నా పరీక్ష ఏముంటుంది?

ఈ సుఖం ఊరికే రాలేదు. 1960 నుంచి 1999 దాకా జెయింట్స్ ఆడింది ఊరి దక్షిణపు అంచున, ఈదురుగాలికి పేరుపడ్డ క్యాండిల్‌స్టిక్ పార్కులో. చుట్టూ పెద్ద పార్కింగ్ స్థలం. కారు లేనివాడికి మాత్రం అది దూరాభారం. కొత్త స్టేడియం ప్రతిపాదనలను ఓటర్లు పలుమార్లు తిప్పికొట్టాక, ప్రైవేటు సొమ్ముతో నగరం మధ్యలో కట్టుకుంటామన్న ప్రతిపాదన 1996లో గెలిచింది. 2000 ఏప్రిల్‌లో ఆటలు మొదలయ్యాయి. రైలు, ట్రామ్, పడవ కలిసే చోట కట్టడమే ఆ నిర్ణయంలో గొప్పతనం అని నా నమ్మకం.

ట్రామ్ అంటే నగర రవాణా సంస్థ మ్యూనీ నడిపే ఎన్ జూడా. ఎంబార్కడెరో వెంట వచ్చి స్టేడియం ముందే ఆగుతుంది. ఫ్రీమాంట్ వైపు మనవాళ్ళు బార్ట్ రైల్లో ఎంబార్కడెరో స్టేషన్‌కు వచ్చి ఇది ఎక్కొచ్చు. ఓపికుంటే సముద్రం పక్కనే మైలు పైచిలుకు నడవొచ్చు. చైనాటౌన్, యూనియన్ స్క్వేర్‌ల నుంచి టీ లైన్ ట్రామ్ 2023 జనవరి నుంచి కొత్త సొరంగంలో ఫోర్త్, కింగ్ కూడలికి వస్తోంది. ఆట రోజుల్లో ఓక్లాండ్, అలమీడా, లార్క్‌స్పర్‌ల నుంచి ఫెర్రీలు మైదానం వెనక రేవుకే చేరతాయి. సైకిల్ మీద వచ్చేవాళ్ళకు ఉచిత వాలే ఉంది: మేనల్లుడు సైకిల్ అప్పగించాడు, టోకెన్ జేబులో వేసుకున్నాడు, పని అయిపోయింది. టికెట్ లేనివాళ్ళనూ ఈ స్టేడియం తరిమేయదు. కుడివైపు గోడ కింద, నీటి ఒడ్డున, కమ్మీల వెనక నిలబడి దారినపోయేవాళ్ళు కాసేపు ఉచితంగా ఆట చూడొచ్చు.

కారులో రావడం కుదరదని కాదు. నడవలేని పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే అదే దారి. అయితే స్థలం ముందే బుక్ చేసుకోవాలి. స్టేడియం పక్క వంతెన అవతల ఒకప్పుడు వేల కార్లు ఆగిన చోట ఇప్పుడు మిషన్ రాక్ పేరుతో ఇళ్ళు, ఆఫీసులు లేచాయి. ఒడ్డున పార్కు వచ్చింది. ఆట రోజుల్లో చుట్టుపక్కల వీధుల్లో మీటరు రేటు పెరుగుతుంది, రాత్రి పదిదాకా కట్టాలి. ఆట ముగిశాక గ్యారేజీల నుంచి కార్ల వరస కదలడానికి చాలాసేపు పడుతుంది.

నాకు ఒకటే అసంతృప్తి. కాస్త అవతలే ఉన్న చేజ్ సెంటర్లో వారియర్స్ బాస్కెట్‌బాల్ టికెట్ ఉంటే ఆ రోజు మ్యూనీ ప్రయాణం ఉచితం. చెన్నైలో సూపర్ కింగ్స్ మ్యాచ్ టికెట్‌తో మెట్రో ఎక్కనిచ్చారు. జెయింట్స్ టికెట్‌కు ఆ సౌకర్యం లేదు, ఉండాలి. మన హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలోనూ ఉండాలి. నాగోల్–రాయదుర్గం మార్గంలో ఏకంగా ‘స్టేడియం’ అనే మెట్రో స్టేషనే ఉంది మనకు. ఐపీఎల్ రాత్రుల్లో రైళ్ళ వేళలు పొడిగిస్తే జనం ఎక్కుతున్నారు కూడా. మ్యాచ్ టికెట్‌లోనే మెట్రో టికెట్ కలిపేస్తే బైకుల మీద వచ్చేవాళ్ళు సగమైనా తగ్గరా?

ఆట ముగిశాక స్టేషన్‌కు నడిచి వచ్చాం. ప్లాట్‌ఫారం కిటకిటలాడుతున్నా తోపులాట లేదు. అక్కకు ఎవరో కుర్రాడు లేచి సీటిచ్చాడు. కూచోగానే కొడుకును అడిగింది: ‘ఒరేయ్, ఇందాక నువ్వు గీకిన కార్డు నాకూ ఇప్పించు. పగటిపూట ఆటుంటే మావయ్యా నేనూ వచ్చేస్తాం, నువ్వు ఆఫీసుకు పో.’ మేనల్లుడు ఫోన్ తీసి అక్కడే చూశాడు. 65 దాటినవాళ్ళకు సీనియర్ క్లిప్పర్ ఇస్తారు, ఛార్జీ సగమే. వయసు రుజువుకు పాస్‌పోర్టు చాలు.